ఆరు నెలలు మానేసి రండి

కిందటి నెల రేడియో వారు ఫోను చేసి, "డాక్టరుగారూ, చరిత్ర మీద ఒక ప్రసంగం చెయ్యండి" అన్నారు. నాకేం చరిత్ర తెలుసు? కాకతీయుల గురించో, విజయనగరం గురించో నాకంటే బాగా చెప్పగలవాళ్ళు మన ఊళ్ళోనే నలుగురున్నారు. నేను ముప్ఫయ్యేళ్ళు ఒహాయోలో లివరు జబ్బులు చూసినవాణ్ణి. అంచేత ఈవేళ మీకు ఒక వాక్యం చరిత్ర చెబుతాను. ఒకే ఒక్క వాక్యం. "ఆరు నెలలు మానేసి, అప్పుడు రండి."

హెపటైటిస్ సి ఉండి, హెరాయిన్ లాంటి మత్తుమందుల అలవాటు కూడా ఉన్న రోగులతో అమెరికాలో లివరు డాక్టర్లు ఏళ్ళ తరబడి అన్న మాట ఇది. నేనూ అన్నాను. ఎన్నిసార్లు అన్నానో లెక్క పెట్టుకోలేదు. ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చింది, ఎవరు కాదన్నారు, ఎలా పోయింది అన్నదే ఈనాటి కథ. పిల్లలు పక్కన కూర్చుని ఉంటే లేపి పంపెయ్యకండి. హైస్కూలు వయసు వాళ్ళయితే వినవలసిన కథే.

ముందు జబ్బు సంగతి. 1970ల్లో ఆపరేషన్లప్పుడు రక్తం ఎక్కించుకున్నవాళ్ళలో కొంతమందికి కొన్ని వారాల తర్వాత లివరు వాచేది. అప్పటికి హెపటైటిస్ ఎ, హెపటైటిస్ బి అని రెండు వైరస్ లు తెలుసు. బెథెస్డాలో హార్వే ఆల్టర్, ఆయన సహచరులు 1975లో పరీక్ష చేసి చూస్తే చాలామందిలో ఇది ఎ కాదు, బి కూడా కాదు. మరేమిటి? తెలియదు. అంచేత దానికి "ఎ కాదు, బి కాదు" అనే పేరే పెట్టారు. బారసాల కాని పిల్లని "పాప" అని పిలుచుకున్నట్టు పధ్నాలుగేళ్ళు అలాగే పిలిచారు. 1989లో కాలిఫోర్నియాలో కైరాన్ అనే కంపెనీలో మైకేల్ హౌటన్, క్వి-లిమ్ చూ, జార్జ్ కువో అనే ముగ్గురు, అట్లాంటాలో సి.డి.సి. లోని డేనియల్ బ్రాడ్లీతో కలిసి, వైరస్ ని కంటితో చూడకుండానే దాని జన్యువు ముక్కని పట్టుకున్నారు. హెపటైటిస్ సి అని పేరొచ్చింది. 2020లో ఆల్టర్ కీ, హౌటన్ కీ, చార్లెస్ రైస్ కీ కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు.

1990 నుంచి అమెరికాలో దానం చేసిన రక్తాన్ని పరీక్షించడం మొదలెట్టారు. 1992లో ఇంకా మెరుగైన పరీక్ష వచ్చింది. దాంతో రక్తం ఎక్కించడం వల్ల వచ్చే దారి దాదాపు మూసుకుపోయింది. మిగిలిన పెద్ద దారి ఒకరి సూది ఇంకొకరు వాడడం.

ఈ జబ్బుకి నోరు లేదు. వైరస్ ఒంట్లోకి వచ్చినవాళ్ళలో నూటికి 55 నుంచి 85 మందిలో అది అక్కడే ఉండిపోతుంది. ఇరవై, ముప్ఫయ్యేళ్ళు ఏమీ తెలియదు. లోపల లివరు కొంచెం కొంచెంగా గట్టిపడుతూ ఉంటుంది. తెలిసేసరికి పొట్టలో నీరు చేరడమో, నెత్తురు కక్కుకోవడమో, కాన్సరో అవుతుంది.

ఇక్కడ మన సంగతి ఒకటి చెప్పాలి. మా చిన్నప్పుడు మా ఊరి ఆర్.ఎం.పి. డాక్టరుగారి దగ్గర గాజు సిరంజి ఒకటి ఉండేది. జ్వరమొచ్చినా సూదే, నీరసమొచ్చినా సూదే. సూది వెయ్యకపోతే వైద్యం చేసినట్టు కాదని రోగులే అలిగేవారు. అదే సూదిని వేణ్ణీళ్ళలో ఒకసారి ముంచి తర్వాతివాడికి వేసేవారు. ఆ తరంలో మనవాళ్ళకి హెపటైటిస్ సి వచ్చిన దారుల్లో అదొకటి. అలా వచ్చినవాళ్ళు, మన తెలుగువాళ్ళే, నా క్లినిక్కి వచ్చేవారు. వాళ్ళని నేను ఒక్కరినీ ఆరు నెలలు ఆగి రమ్మనలేదు. వైరస్ ఒకటే, సూదీ ఒకటే. ఈ తేడా నాకు చాలా ఆలస్యంగా తట్టింది.

ఇంక రెండో జబ్బు. మనకి నల్లమందు తెలుసు. మబ్బుగా ఉండేవాణ్ణి "నల్లమందు భాయి" అని వెక్కిరిస్తాం కదా. నల్లమందులోంచి తీసినది మార్ఫిన్. మార్ఫిన్ ని కొంచెం మార్చి చేసినది హెరాయిన్. నొప్పికి రాసే ఆక్సీకోడోన్, ఇప్పుడు పేపర్ల నిండా కనిపించే ఫెంటనిల్, ఇవన్నీ మెదడులో ఒకే తాళానికి పట్టే తాళం చెవులు. కొన్నాళ్ళు వాడితే ఆ తాళం మామూలుగా పని చెయ్యడం మానేస్తుంది. అప్పుడు మనిషి మందు వేసుకునేది సుఖం కోసం కాదు, ఒళ్ళు నొప్పులూ వాంతులూ వణుకూ లేకుండా ఒక పూట గడపడం కోసం.

1964లో న్యూయార్క్ లో రాక్ ఫెలర్ సంస్థలో విన్సెంట్ డోల్, మానసిక వైద్యురాలు మేరీ నైస్వాండర్, వాళ్ళతో పాటు అప్పుడే చేరిన మేరీ జీన్ క్రీక్ అనే చిన్న డాక్టరు ఒక పని చేశారు. హెరాయిన్ అలవాటున్నవాళ్ళకి మెథడోన్ అనే మందు రోజుకొకసారి నోటి ద్వారా ఇచ్చారు. అదీ అదే తాళంలో పట్టే చెవే. కానీ నెమ్మదిగా తిరుగుతుంది, రోజంతా ఉంటుంది. మత్తెక్కదు, వణుకు రాదు. మొదటి 22 మంది ఫలితాలు 1965లో అచ్చేశారు. ఆ మనుషులు ఉద్యోగాల్లో చేరారు, చదువులకి వెళ్ళారు. ఒక మత్తు మాన్పించి ఇంకో మత్తు అలవాటు చేస్తున్నారని తిట్టినవాళ్ళు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. షుగరు జబ్బుకి ఇన్సులిన్ ఇచ్చినట్టే ఇది అని డోల్ వాదన.

అయితే అమెరికా ప్రభుత్వం మెథడోన్ ని మామూలు డాక్టరు చేతికివ్వలేదు. దానికి వేరే క్లినిక్కులు, వేరే లైసెన్సులు, పొద్దున్నే లైనులో నుంచుని నర్సు ఎదుట గుటక వెయ్యడం. మా ఊళ్ళో ఆ క్లినిక్కు ఊరవతల, రైలు పట్టాల పక్కన ఉండేది. నేను పనిచేసిన ఆసుపత్రి నుంచి నాలుగు మైళ్ళు. ఇరవయ్యేళ్ళలో ఒక్కసారి కూడా నేను అటు వెళ్ళలేదు. నా రోగుల్లో సగం మంది అక్కణ్ణుంచే వచ్చేవారని తెలిసి కూడా.

హెపటైటిస్ సి కి మొదటి మందు 1991లో ఒప్పుకున్న ఇంటర్ ఫెరాన్. వారానికి మూడు ఇంజెక్షన్లు, ఆరు నెలలో, ఏడాదో. వేసుకున్న రోజు మలేరియా జ్వరంలా ఉండేది. జుట్టు ఊడేది. అన్నిటికంటే చెడ్డది, మనసు కుంగిపోయేది. నవ్వుతూ మొదలుపెట్టినవాళ్ళు మూడో నెలకి గోడవైపు తిరిగి పడుకునేవారు. ఇంతా చేస్తే నయమయ్యేది పదిమందిలో ఒకరికో ఇద్దరికో. 1998లో రైబావిరిన్ అనే మాత్ర దానికి తోడు చేశాక పదిమందిలో నలుగురి దాకా వచ్చింది. ఆ తర్వాత రెండు మూడేళ్ళలో వారానికి ఒక్క ఇంజెక్షన్ చాలే కొత్తరకం ఇంటర్ ఫెరాన్ వచ్చి, అటూ ఇటూగా సగం మందికి నయమయ్యే దాకా చేరింది.

1997 మార్చిలో బెథెస్డాలో ఎన్.ఐ.హెచ్. వారు పెద్ద సమావేశం పెట్టారు. హెపటైటిస్ సి కి ఎవరికి మందివ్వాలి, ఎవరికి వద్దు అని దేశమంతటికీ ఒక సలహా తయారు చేశారు. అందులో ఉంది మన వాక్యం. బాగా తాగేవాళ్ళకీ, మత్తుమందులు వాడుతున్నవాళ్ళకీ, ఆ అలవాట్లు కనీసం ఆరు నెలలు మానే దాకా వైద్యం వాయిదా వెయ్యాలని.

ఆ సమావేశంలో కూర్చున్నవాళ్ళు దుర్మార్గులేం కారు. ఇంటర్ ఫెరాన్ వేసుకుని ఆత్మహత్య చేసుకున్నవాళ్ళున్నారు. అసలే బతుకు అల్లకల్లోలంగా ఉన్నవాడికి అది ఇస్తే ఏమవుతుందో అని భయం. మందు సరిగ్గా వేసుకోడేమో, మళ్ళీ సూది పంచుకుంటే జబ్బు మళ్ళీ తగులుకుంటుందేమో. ఇవి న్యాయమైన అనుమానాలే. కానీ అనుమానం వేరు, రుజువు వేరు. మందుల పరీక్షలన్నిటిలోనూ వీళ్ళని ముందే తీసి పక్కన పెట్టేవారు. తర్వాత, "వీళ్ళకి ఈ మందు పనిచేస్తుందని రుజువు లేదు" అనేవారు. పరీక్ష హాల్లోకి రానివ్వకుండా, పాసవలేదు చూడండి అన్నట్టు.

ఇంకో చిక్కుంది. చాలాచోట్ల మెథడోన్ తీసుకోవడాన్ని కూడా మత్తుమందు వాడటం కిందే లెక్కేశారు. అది కూడా మానితేనే లివరు మందు అన్నారు. మెథడోన్ మానినవాళ్ళలో ఎక్కువమంది ఏమవుతారు? మళ్ళీ హెరాయిన్ దగ్గరికే వెళతారు. మన సామెత ఉంది కదా, పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కుదరదు, పెళ్ళి కుదిరితే గాని పిచ్చి కుదరదు అని. అచ్చం అలాగే.

2000వ సంవత్సరం అనుకుంటాను, ఒకతను వచ్చాడు. పేరు చెప్పను. ఇళ్ళ పైకప్పులు వేసే పని. నిచ్చెన మీంచి పడి నడుం విరిగింది. నొప్పి మాత్రలు రాశారు. మాత్రలు ఆపేశారు. అవి ఆపినచోట హెరాయిన్ మొదలైంది. నా దగ్గరికి వచ్చేనాటికి నలభై రెండేళ్ళు. లివరు అప్పటికింకా బాగానే ఉంది. నేను ఆ వాక్యం చెప్పాను. మర్యాదగానే చెప్పాను, చేతిలో ఒక కాగితం కూడా పెట్టాను. మళ్ళీ ఏడాది తర్వాత వచ్చాడు. "అయిదు నెలలు ఆగాను డాక్టర్" అన్నాడు. మధ్యలో వాళ్ళమ్మ పోయిందట, ఒక వారం తప్పాడు. నేను ఏమన్నానో తెలుసా? "అయితే ఆ వారం నుంచి లెక్క మళ్ళీ మొదలు" అన్నాను. ఆ తర్వాత రాలేదు. తొమ్మిదేళ్ళకి ఎమర్జెన్సీ వార్డులో చూశాను. పొట్ట కుండలా ఉంది, కళ్ళు పసుపుపచ్చగా ఉన్నాయి. నన్ను గుర్తుపట్టాడు. నిష్ఠూరంగా ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

ఆ తొమ్మిదేళ్ళలో నేను తెలుసుకోవడానికి అవకాశం లేదా అంటే, ఉంది. 2001లో మ్యూనిక్ నగరంలో మార్కుస్ బాక్ మున్డ్ అనే డాక్టరు మత్తుమందు మాన్పించే ఆసుపత్రిలో ఉన్న 50 మందికి ఇంటర్ ఫెరాన్ ఇచ్చి చూశాడు. వాళ్ళలో ఎక్కువమంది మధ్యలో మళ్ళీ హెరాయిన్ వైపు జారారు. అయినా వైద్యం పూర్తిగా మానలేదు. నూటికి 36 మందికి నయమైంది. ఆనాడు బుద్ధిమంతులైన రోగుల్లో వచ్చే ఫలితానికి అదేమంత దూరం కాదు. అదే ఏడాది జూలైలో న్యూ ఇంగ్లండ్ జర్నల్ లో బ్రయన్ ఎడ్లిన్, ఆయన సహచరులూ ఒక వ్యాసం రాశారు. మత్తుమందు వాడేవాళ్ళకి హెపటైటిస్ సి వైద్యం నిరాకరించడం న్యాయమేనా అన్నదే దాని శీర్షిక. రక్తపోటు రోగులు కూడా మాత్రలు సరిగ్గా వేసుకోరు, వాళ్ళని మనం వెళ్ళగొడుతున్నామా అని అడిగారు. నిజమే కదా. మనవాళ్ళలో షుగరు మాత్ర వేసుకుని, ఆ చేత్తోనే గులాబ్ జామ్ అందుకునే పెద్దమనుషులు ఎందరు లేరు? "ఆర్నెల్లు స్వీట్లు మానేసి రండి, అప్పుడు మందిస్తాను" అని వాళ్ళతో ఏ డాక్టరూ అనడు.

కాలిఫోర్నియాలో ఓక్లండ్ లో డయానా సిల్వెస్టర్ అనే డాక్టరు ఇంకా ముందుకెళ్ళింది. మెథడోన్ తీసుకుంటున్నవాళ్ళకి ఆరు నెలల షరతు లేకుండానే లివరు మందు మొదలుపెట్టింది. ఆమె క్లినిక్కులో రోగులంతా గుంపుగా కూర్చుని మాట్లాడుకునేవారు. ముందు వైద్యం అయినవాళ్ళు కొత్తవాళ్ళకి జ్వరం వస్తే ఏం చెయ్యాలో, మనసు కుంగితే ఎవరికి ఫోను చెయ్యాలో చెప్పేవారు. తెల్లకోటు చెప్పలేనివి అవి.

2002లో ఎన్.ఐ.హెచ్. మళ్ళీ సమావేశమై మాట మార్చుకుంది. మత్తుమందు వాడుతున్నారని మూకుమ్మడిగా కాదనొద్దు, మనిషిని బట్టి నిర్ణయించండి అంది. కాగితం మీద మారింది. నా క్లినిక్కులో మారలేదు. నా చుట్టుపక్కల క్లినిక్కుల్లోనూ మారలేదు. అలవాటైన వాక్యం అంత తొందరగా నోట్లోంచి పోదు. మత్తుమందు మానడం ఎంత కష్టమో అన్నది ఆ వాక్యం చెప్పే మా నోళ్ళే నిరూపించాయి.

2002లోనే బ్యుప్రెనార్ఫిన్ అనే మందు వచ్చింది. ఇదీ మెథడోన్ లాంటిదే, నాలుక కింద పెట్టుకునేది, మామూలు డాక్టరు ఆఫీసులో రాసివ్వొచ్చు. కానీ అది రాయాలంటే ఎనిమిది గంటల తరగతి, ప్రత్యేకమైన అనుమతి, మొదట్లో ముప్ఫై మంది రోగులకి మించకూడదన్న హద్దు. ఆక్సీకోడోన్ రాయడానికి అప్పట్లో ఇవేవీ అక్కర్లేకపోయేది. అలవాటు చేసే మందుకి తలుపు బార్లా, మాన్పించే మందుకి తాళం. ఆ ప్రత్యేక అనుమతి పద్ధతిని 2022 డిసెంబరులో ఎత్తేశారు. ఇరవయ్యేళ్ళు పట్టింది.

ఈలోగా బయట ఏం జరిగిందో మీకు తెలుసు. ఆక్సీకాంటిన్ మాత్ర 1996లో బజారుకొచ్చింది. రోగి నొప్పిని నాడి చూసినట్టు ప్రతిసారీ కొలవాలని మాకు పాఠాలు చెప్పిన రోజులవి. రాసినవాళ్ళలో మన డాక్టర్లమూ ఉన్నాం, తప్పించుకోలేం. 2010లో ఆ మాత్రని పొడి చెయ్యడానికి వీల్లేకుండా మార్చారు. మంచి ఉద్దేశమే, కానీ అప్పటికే అలవాటు పడ్డవాళ్ళలో చాలామంది హెరాయిన్ కీ, సూదికీ మళ్ళారు. సూదితో పాటు హెపటైటిస్ సి పెరిగింది. ఈసారి ఇరవైల్లో, ముప్ఫైల్లో ఉన్న పిల్లల్లో. 2015లో ఇండియానా రాష్ట్రంలో స్కాట్ కౌంటీలో, నాలుగు వేల పైచిలుకు జనమున్న ఆస్టిన్ అనే ఊళ్ళో, ఒక నొప్పి మాత్రని కరిగించి ఎక్కించుకునేవాళ్ళలో ఎయిడ్స్ వైరస్ పాకింది. ఆ ఏడాది చివరికి లెక్క తేలినవాళ్ళు 181 మంది. వాళ్ళలో పదింట తొమ్మిది మందికి పైగా హెపటైటిస్ సి కూడా ఉంది. మా ఇంటి నుంచి ఆ ఊరు కారులో మూడు గంటలు.

అప్పటికి మందుల కథ మొత్తం తిరగబడింది. 2013 డిసెంబరులో సోఫోస్బువిర్ మాత్రకి అనుమతి వచ్చింది. దాన్నీ, దాని జత మందునీ కలిపి రోజుకి ఒక మాత్రగా చేసినది 2014 అక్టోబరులో వచ్చింది. చాలామందికి పన్నెండు వారాలు చాలు. ఇంజెక్షన్ లేదు, జ్వరం లేదు, మనసు కుంగడం లేదు. నూటికి తొంభై మందికి పైగా నయం. నేను మెడికల్ కాలేజీ వదిలాక అంతటి మందుని ఇంకొకదాన్ని చూడలేదు.

చూశారూ, 1997లో ఆ వాక్యానికి చెప్పిన కారణాల్లో పెద్దవి పోయాయి. వాక్యం కూడా పోవాలి కదా? పోలేదు. వేషం మార్చుకుంది. మాత్ర వెల వెయ్యి డాలర్లు. పన్నెండు వారాలకి 84,000 డాలర్లు. పేదవాళ్ళ ఇన్సూరెన్సు అయిన మెడికెయిడ్ అంత ఎక్కణ్ణుంచి తెస్తుంది? ఎవరికి ముందు లేదనాలి? పాత వాక్యం సిద్ధంగా ఉంది. 2015లో ఒక వైద్య పత్రికలో లెక్క వేశారు. నిబంధనలు తెలిసిన 42 రాష్ట్రాల్లో నూటికి 88 వంతులు తాగుడూ మత్తుమందుల అలవాటూ చూసే మందిస్తున్నాయి. సగం రాష్ట్రాలు ఇన్నాళ్ళు మానాలని గడువు పెట్టాయి. మూత్ర పరీక్ష అడిగినవి నూటికి 64. ఒకప్పుడు రోగి మంచి కోసం అని చెప్పిన మాట ఇప్పుడు ఖజానా తాళం అయింది. ఆ ఫారాలు నింపింది నేనే. "చివరిసారి ఎప్పుడు వాడారు?" అన్న గడి దగ్గర రోగి నా కళ్ళలోకి చూసేవాడు, నేను కాగితం వైపు చూసేవాణ్ణి.

అదే సమయంలో మన హైదరాబాదులో ఇంకో కథ నడుస్తోంది. 2014 సెప్టెంబరులో గిలియడ్ కంపెనీ ఈ మందుని చవగ్గా తయారుచేసి 91 బీద దేశాల్లో అమ్ముకోవడానికి ఏడు భారతీయ కంపెనీలకి లైసెన్సు ఇచ్చింది. అందులో మన హెటెరో ఒకటి. పేటెంటుని సవాలు చేసిన నాట్కో వారు కూడా 2015 మార్చిలో లైసెన్సు తీసుకుని హెప్సినాట్ అనే పేరుతో విడుదల చేశారు. 28 మాత్రల సీసా 19,900 రూపాయలు. మూడు సీసాలకి అరవై వేలు. ఆనాటి మారకంలో వెయ్యి డాలర్లకి లోపు. అంటే ఇక్కడి ఒక్క మాత్ర వెలకి అక్కడ పన్నెండు వారాల మందు. ఆ తర్వాత ఇంకా తగ్గింది. కానీ లైసెన్సు ప్రకారం అది అమెరికాలో అమ్మడానికి వీల్లేదు. మా అన్నయ్య ఆ రోజుల్లో హైదరాబాదు నుంచి ఫోను చేసి, "మన వాళ్ళు చేశారురా, చూశావా?" అని సంబరంగా చెప్పాడు. నా టేబుల్ మీద ఆవేళ మూడు తిరస్కరణ ఉత్తరాలున్నాయి.

ఆస్ట్రేలియా వాళ్ళు ఇంకోలా ఆలోచించారు. కంపెనీలతో కలిపి ఒక మొత్తం బేరం చేసుకుని, 2016 మార్చి నుంచి జబ్బున్న పెద్దవాళ్ళందరికీ తెరిచేశారు. సూది వాడుతున్నా సరే, జైల్లో ఉన్నా సరే. మామూలు డాక్టరు కూడా రాయొచ్చు. సూదులు వాడేవాళ్ళకి ముందు నయం చేస్తే ఇంకొకరికి అంటించేవాళ్ళే తగ్గుతారన్నది వాళ్ళ లెక్క. ఆ లెక్కలో మనం వెళ్ళగొట్టినవాడే ముందు రావలసినవాడు.

రుజువులు కూడా వచ్చేశాయి. మెథడోన్, బ్యుప్రెనార్ఫిన్ తీసుకుంటున్న 301 మంది మీద జరిగిన పరీక్ష 2016లో అచ్చయింది. సగానికి పైగా జనం మూత్రంలో వేరే మత్తుమందులు కనిపిస్తూనే ఉన్నాయి. అయినా వెంటనే మందు మొదలుపెట్టినవాళ్ళలో నూటికి 91 మందికి పైగా నయం. ఇటీవలే సూది వేసుకున్న 103 మంది మీద ఇంకొకటి, 2018లో, నూటికి 94. నాకు మరీ నచ్చినది వాషింగ్టన్ నగరంలో జరిగింది. డాక్టర్లు సారా కట్టకుళి, ఎలానా రోసెంతాల్ ఆసుపత్రి వదిలి, సూదులు వాడేవాళ్ళు కాసేపు కూర్చోడానికీ, శుభ్రమైన సూదులు తీసుకోడానికీ వచ్చే చోటికి వెళ్ళారు. అక్కడే వంద మందికి లివరు మందు ఇచ్చారు, కావాలన్నవాళ్ళకి బ్యుప్రెనార్ఫిన్ కూడా అక్కడే ఇచ్చారు. మాత్రలు కొన్ని రోజులు తప్పినవాళ్ళున్నారు, పన్నెండు వారాల మందు ఆలస్యంగా ముగించినవాళ్ళున్నారు. వందలో 82 మందికి నయమైంది. రెండు జబ్బులకీ ఒకే గదిలో మందు. 1964లో మెథడోన్, 1991లో ఇంటర్ ఫెరాన్. ఒక గదిలోకి రావడానికి ఇంతకాలం ఎందుకు పట్టింది అంటే, నాలుగు మైళ్ళు వెళ్ళడానికి నాకు ఎంతకాలం పట్టిందో చెప్పాను కదా.

2015 నవంబరులో కేంద్ర ప్రభుత్వం రాష్ట్రాలకి ఉత్తరం రాసింది, ఇలా అడ్డుపెట్టడం సరికాదని. కోర్టు కేసులు పడ్డాయి. ఒక్కొక్క రాష్ట్రమే వదులుకుంటూ వచ్చింది. అలబామాలో ఆరు నెలల నిబంధన వికలాంగుల హక్కుల చట్టానికి విరుద్ధమని న్యాయశాఖ పట్టుకుంటే, 2022లో ఆ రాష్ట్ర మెడికెయిడ్ ఆ షరతు తీసేసింది. 1997 నుంచి 2022. ఇరవై అయిదేళ్ళు.

నేను 2016లో మొదటిసారి ఆ రైలు పట్టాల పక్క క్లినిక్కుకి వెళ్ళాను. రమ్మన్నది అక్కడి నర్సు. ఆసుపత్రిలో నా మీటింగు ముగిశాక కాఫీ దగ్గర పట్టుకుని, "మీ దగ్గరికి పంపినవాళ్ళు వెనక్కి రావడం చూస్తున్నాను, మీరెప్పుడు వస్తారు?" అంది. వారానికి ఒక పూట వెళ్ళడం మొదలెట్టాను. రిటైరయ్యే దాకా వెళ్ళాను. అక్కడ ఎవరినీ ఎన్నాళ్ళయింది మానేసి అని అడగలేదు. పొద్దున మెథడోన్ తో పాటే ఆ రోజు లివరు మాత్ర నర్సు ఎదుటే మింగేవారు. ఎలాగూ రోజూ వస్తారు కదా. నేను ఇన్నేళ్ళు వీళ్ళు మందు సరిగ్గా వేసుకోరని చెప్పిన మనుషులు, మంచు పడుతున్నా ఆరింటికి లైనులో ఉండేవారు.

ఒకావిడ, యాభై దాటింది, కోర్సు ముగిసిన మూడు నెలలకి రక్తపరీక్ష చేసి వైరస్ లేదని చెప్పాను. ఆ కాగితం ఇంకో రెండు కాపీలు కావాలంది. ఎందుకమ్మా అంటే, కూతురికొకటి, తనని పరీక్ష కూడా చెయ్యకుండా పంపేసిన డాక్టరుకొకటి అంది. ఆ డాక్టరు ఎవరని నేను అడగలేదు. నేనే అయ్యుండొచ్చు.

ఇంక మన ఇళ్ళ సంగతి. మన పిల్లలకి ఇవి రావు అనుకుంటాం. నాకు గత పదేళ్ళలో గుళ్ళోనో, ఉగాది ఫంక్షన్లోనో పక్కకి పిలిచి అడిగిన తల్లిదండ్రులు ఎందరో చెప్పను, కానీ ఒకరిద్దరు కారు. ఆటల్లో దెబ్బ తగిలి మాత్రలతో మొదలైనవి, కాలేజీ డార్ములో మొదలైనవి. అందరూ ముందు అడిగేది ఒకటే. "వేరే ఊళ్ళో చూపించొచ్చా అండీ? ఇక్కడ మనవాళ్ళకి తెలిస్తే..." చూపించొచ్చు. కానీ ఒక తండ్రి నాతో అన్నాడు, "ముందు పూర్తిగా మాననివ్వండి, తర్వాత మిగతా టెస్టులు చేయిద్దాం. అప్పటిదాకా ఇంటికి రావద్దన్నాను." ఆ మాట వినగానే నాకు నా పాత గొంతే వినపడింది. ఆ అబ్బాయి ఇప్పుడు బ్యుప్రెనార్ఫిన్ మీద ఉన్నాడు, వైరస్ పోయింది, తండ్రి ఇంట్లోనే ఉంటున్నాడు.

అడుగుతారని ముందే చెబుతున్నాను. పెద్దవాళ్ళందరూ జన్మలో ఒక్కసారైనా హెపటైటిస్ సి పరీక్ష చేయించుకోవాలని 2020లో సి.డి.సి. చెప్పింది. సూదులు వాడేవాళ్ళు మళ్ళీ మళ్ళీ చేయించుకోవాలి. ఇండియాలో చిన్నప్పుడు సూదులు వేయించుకున్న మన పెద్దవాళ్ళూ చేయించుకోండి. మొదటి పరీక్ష యాంటీబాడీది. అది పాజిటివ్ అయినంత మాత్రాన వైరస్ ఉన్నట్టు కాదు, నయమైన తర్వాత కూడా అది పాజిటివ్ గానే ఉంటుంది. వైరస్ ఉందో లేదో చెప్పేది ఆర్.ఎన్.ఎ. పరీక్ష. 2024 జూన్ లో వేలిమీద చుక్క రక్తంతో గంటలో ఫలితం చెప్పే ఆర్.ఎన్.ఎ. యంత్రానికి కూడా అనుమతి వచ్చింది, అంటే పరీక్షా మందూ ఒకే రోజున మొదలుపెట్టే వీలుంది. నయమయ్యాక మళ్ళీ అంటుకుంటే? అంటుకోవచ్చు. మళ్ళీ మందివ్వొచ్చు. ఇంట్లో మత్తుమందు అలవాటున్నవాళ్ళుంటే నాలొక్సోన్ అనే ముక్కులో కొట్టే మందు మందులషాపులో చీటీ లేకుండానే దొరుకుతుంది, కొని పెట్టుకోండి.

ఫోను లైన్లు తెరిచారట. పేరు చెప్పక్కర్లేదు, ఏ ఊరో కూడా చెప్పక్కర్లేదు. అడగండి.